బాపు చెవి, నా వైఫై

"గిది మీ అవ్వ గొంతు గాదురా."

పోయిన దసరా సెలవుల్లో మా బాపు ఈ ఒక్క మాట అని నా మూడు రోజుల కష్టాన్నీ, పంతొమ్మిదేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవాన్నీ కలిపి తీసుకెళ్ళి బర్రె ముందు గడ్డిలో పారేశాడు. (మా దిక్కు అవ్వ అంటే అమ్మ. కోస్తా మిత్రులు నాయనమ్మ అనుకుని చదివితే కథంతా మారిపోతుంది, అందుకే ముందే చెబుతున్నా.)

టపా కొంచెం పొడుగు. ఇంట్లో వైర్లు లాగకుండా, క్వాలిటీ పోకుండా పాటలు వినాలని నాలాగా తంటాలు పడేవాళ్ళు ఓపిక చేసుకుని చదవండి. మిగతావాళ్ళూ చదవొచ్చు, ఫీజేం లేదు.

మాది నారాయణరావుపేట. సిద్దిపేట పక్కన. నా టెన్త్ మెమోలో మెదక్ జిల్లా అని ఉంటుంది, 2016 అక్టోబర్ నుంచి సిద్దిపేటే జిల్లా అయింది, తర్వాత మా ఊరు మండలం కూడా అయింది. అవ్వ 2011లో పోయింది. అప్పట్నుంచి బాపు, రెండు బర్రెలు. హైదరాబాద్ రమ్మంటే "ఆడ ఫ్లాట్ల ఏమున్నదిరా, గోడలు సూస్కుంట కూసోవాల్నా" అంటాడు. ఆయనకి పొద్దున లేస్తే చెవి పక్కన ఏదో ఒకటి మోగాలి. ఏళ్ళ తరబడి 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఆకాశవాణి మోగింది. ఇప్పుడు ఆ రేడియో మూలకు పడింది. అందుకని ఈసారి నేను పెట్టుకున్న పని ఏమిటంటే, బాపు ఇంట్లో ఏ మూలన ఉన్నా పాట వినపడాలి. ముందటర్రలో, వంటర్రలో, కొట్టంలో. అదీ ఖంగుమని వినపడాలి.

నిజానికి అంతకుముందే ఒక బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చాను. వారం నడిచింది. బాపు ఫోన్ అంగీ జేబులో వేసుకుని కొట్టంలోకి పోతాడు, స్పీకర్ ముందటర్రలో ఉంటుంది, పాట ముక్కలు ముక్కలు. మనిషి ఒంట్లో ఉన్న నీళ్ళే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ని సగం తాగేస్తాయి. ఆపైన మాది పాత గూనపెంక ఇల్లు, మట్టి గోడలు రెండడుగుల మందం. ఎవడైనా ఫోన్ చేస్తే పాట బంద్. స్పీకర్ ని కొట్టంలోకి తీసుకెళ్తే ఇంట్లో వినపడదు.

క్వాలిటీ సంగతి కూడా చెప్పుకోవాలి. బ్లూటూత్ తో పాటలు పంపే ప్రతి డబ్బాలోనూ తప్పనిసరిగా ఉండాల్సిన కోడెక్ ఎస్‌బీసీ. అది బాగా పనిచేస్తే సెకనుకి 328 కిలోబిట్లు. సీడీలో ఉన్నది 1411. అంటే పాటని మళ్ళీ ఒకసారి పిండి పంపుతుందన్నమాట. మీ ఫైల్ అప్పటికే ఎంపీత్రీ అయితే పిండిందాన్నే పిండడం. సోనీ వాళ్ళ ఎల్‌డాక్ 990 దాకా పోతుంది కానీ గోడ అడ్డమొస్తే ఆటోమేటిక్ గా 330కి దిగిపోయేది కూడా అదే. పైగా 990 దగ్గర కూడా అది అచ్చంగా ఉన్నదున్నట్టు కాదు.

అదే వైఫై అయితే లెక్క వేరు. చాలామంది "గాల్లో పోతుంటే క్వాలిటీ కొంత పోతుంది కదా" అంటారు. రేడియో కాలం నాటి భయం అది. వైఫైలో పోయేది శబ్దం కాదు, ఫైల్. పోస్టులో ఉత్తరం లేటుగా రావచ్చు, అసలు రాకపోవచ్చు, కానీ దారిలో అక్షరాలు మారి రాదు కదా. ఒక ప్యాకెట్ పోతే టీసీపీ మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. ఆలస్యమైతే పాట ఆగుతుంది, ఆగడం తప్ప "కొంచెం మొద్దుబారడం" అనేది ఉండదు. ఫ్లాక్ ఫైల్ అంటే పాటకి జిప్ లాంటిది, విప్పితే సీడీలో ఉన్న బిట్లు ఒక్కటి కూడా తేడా లేకుండా వస్తాయి. సైజు మాత్రం సగం పైచిలుకు. సెకనుకి ఒక మెగాబిట్ లోపు. మూడు గదులకి మూడు మెగాబిట్లు. దీనికి కొత్త రౌటర్ కూడా అక్కర్లేదు. 2004లోనే ఆపిల్ వాళ్ళు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న డబ్బాతో సీడీ క్వాలిటీని వైఫై మీద స్టీరియోకి పంపి చూపించారు. అంతకంటే ముందు స్లిమ్ డివైసెస్ వాళ్ళు మొదలుపెట్టిన స్క్వీజ్‌బాక్స్ ని లాజిటెక్ 2006లో కొని 2012లో ఆపేసింది, కానీ దాని సర్వర్ ఓపెన్ సోర్స్ కావడం వల్ల లిరియన్ అనే పేరుతో ఇంకా బతికే ఉంది. ఈ విషయంలో నాకొక మూఢనమ్మకం ఉంది. డబ్బా ఎవరిదైనా కొనండి, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవడూ ఆపలేనిది పెట్టుకోండి.

నేను పెట్టింది స్నాప్‌కాస్ట్. పాత లాప్‌టాప్ ఒకటి సర్వర్. మూడు చోట్ల మూడు రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డులు, ఒక్కోదాని నెత్తిన పీసీఎం5102 చిప్ ఉన్న చిన్న డాక్ బోర్డు, దానికి ఒక యాంప్లిఫయర్ బోర్డు, పాత స్పీకర్లు. ఇందులో రెండు చోట్ల నా టైం తిన్నది. ఒకటి, పై బోర్డులో వైఫై కరెంటు ఆదా చేద్దామని మధ్యమధ్య కునుకు తీస్తుంది, పవర్ సేవ్ ఆపేసేదాకా పాట ఎక్కడో ఒకచోట ఎక్కిళ్ళు పెడుతూనే ఉంటుంది. రెండోది కొట్టం. ముందటర్రలో ఉన్న రౌటర్ ని నడిమి దర్వాజ పైకి మార్చాను. గోడలోంచి కాకుండా దర్వాజలోంచి సిగ్నల్ పోయింది, అంతే, సమస్య తీరిపోయింది. మెష్ కొందామని ఆన్‌లైన్ లో ఆర్డర్ పెట్టబోయి ఆగాను.

అసలు కష్టం క్వాలిటీ కాదండీ, సింక్. జాతరలో మైక్ సెట్టు గుర్తు తెచ్చుకోండి. గుడి దగ్గర ఒక హార్న్, చెరువు కట్ట మీద ఒక హార్న్. మధ్యలో నిలబడితే ఒకే పాట రెండుసార్లు, ఒకదాని తోక మీద ఒకటి. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి పది మీటర్ల దూరానికి దాదాపు 29 మిల్లీసెకన్లు. 30, 40 మిల్లీసెకన్ల దాకా మన చెవి రెండింటినీ కలిపి ఒకటే అనుకుంటుంది, అది దాటితే ప్రతిధ్వని. ఇప్పుడు మూడు గదుల్లో మూడు బోర్డులు, మూడింటికీ మూడు క్రిస్టల్ గడియారాలు. క్రిస్టల్ లో పది లక్షలకి 50 తేడా ఉన్నా గంటలో 180 మిల్లీసెకన్లు. అంటే పొద్దున కలిసి మొదలైన పాట మధ్యాహ్నానికి జాతర అయిపోతుంది. స్నాప్‌కాస్ట్ చేసే పనల్లా సెకను ముందే పాటని పంపి, "ఈ ముక్క ఫలానా క్షణంలో వాయించు" అని టైం ముద్ర వేసి, వెనకబడినవాణ్ణి కొంచెం ముందుకి తోస్తూ ఉండటం. కొట్టానికీ వంటర్రకీ మధ్యలో నిలబడి విన్నాను. ఒకటే పాట. ఆ రాత్రి నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

మర్నాడు బాపుని కూచోబెట్టి బ్లైండ్ టెస్ట్ పెట్టా. సీడీ నుంచి తీసిన ఒక పాత సినిమా పాట, ఒకసారి ఫ్లాక్, ఒకసారి 320 ఎంపీత్రీ, ఒకసారి బ్లూటూత్. ఏది ఏదో చెప్పకుండా. మూడూ విని "మూడొక్కటే" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ చెవి, పైన స్థాయిల్లో సగం శబ్దాలు అందవు, అలాగే అంటాడులే అనుకున్నా. పరువు పోయినా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. మా మేనల్లుడితో బటన్లు నొక్కించి నేను కూడా కళ్ళు మూసుకుని విన్నాను. బ్లూటూత్ ని ఎలాగో పట్టా. ఫ్లాక్ నీ 320నీ పట్టలేకపోయా. పదిసార్లకి ఆరుసార్లు కరెక్ట్. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది.

అప్పుడు బాపే అడిగాడు. "మీ అవ్వ బతుకమ్మ పాట ఉన్నది గద నీ తాన. అది పెట్టు."

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే పోయినప్పట్నుంచి ఆ క్యాసెట్టు జోలికి ఎవర్నీ పోనివ్వలేదాయన. 1996 బతుకమ్మ పండుగకి మా చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన పానాసోనిక్ టూ-ఇన్-వన్ ని కిటికీలోంచి వైరు లాగి వాకిట్లో పెట్టి రికార్డు చేశారు. అవ్వ ముందు పాడుతుంటే వాడకట్టు ఆడోళ్ళంతా వెనక అందుకోవడం. 2012లో నేనే గుట్టుగా క్యాసెట్టు హైదరాబాద్ తీసుకెళ్ళి ఒక షాపులో సీడీ చేయించుకుని, మళ్ళీ తెచ్చి సందూకలో పెట్టేశా. ప్రతి బతుకమ్మకీ, అప్పుడప్పుడూ ఊరికే కూడా, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవాణ్ణి. బాపు వినలేదు.

పెట్టాను. కొట్టంలో స్పీకరు, పాలు పిండుతూ విన్నాడు. ఒక చరణం అయ్యాక ఆ మాట. "గిది మీ అవ్వ గొంతు గాదురా. ఎవలో చిన్నపోరి పాడినట్టున్నది."

ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది! పైప్‌లైన్ లో ఎక్కడో తేడా ఉందని కోడెక్ మార్చా, బఫర్ మార్చా, డాక్ మార్చా. లాప్‌టాప్ నుంచి నేరుగా వైరుతో వినిపించా. "కాదు." రెండు రోజులు. చివరికి చేయాల్సిన మొదటి పని చేశా, ఫైల్ ని తెరిచి చూశా. 128 కిలోబిట్ల ఎంపీత్రీ. దాని మీద నాయిస్ రిడక్షన్ ఎంత గట్టిగా కొట్టారంటే చప్పట్లన్నీ తడిబట్ట ఉతికినట్టున్నాయి. నేను ఇన్ని తంటాలు పడి మూడు గదులకీ ఒక్క బిట్టు పోకుండా చేరవేస్తున్నది అప్పటికే పోయిన పాటని.

సందూక తీశాం. క్యాసెట్టు ఉంది. లోపల టేపుని తలకి ఒత్తి పట్టే చిన్న గుడ్డ మెత్త జిగురు ఎండి ఊడిపోయింది. వేరే క్యాసెట్టు డొక్కు విప్పి దాంట్లోకి మార్చాం. నా దగ్గర డెక్ ఉంది, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నది. హైదరాబాద్ పోయి తెచ్చుకోవడానికి ఒక రోజు.

క్యాసెట్టు గురించి తెలియని కుర్రకారుకి ఒక మాట. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ శబ్దం టేపు మీద ఒక్కో అల 4.76 మైక్రాన్లు. చదివే తల టేపుకి నిలువుగా లేకుండా డిగ్రీలో అయిదో వంతు వంగినా ఆ అలలు వాటినవే కొట్టేసుకుంటాయి. చిక్కేమిటంటే తల సరిగ్గా నిలువుగా ఉండాలని కాదు, రికార్డు చేసిన మిషన్ లో ఎంత వంకర ఉందో ఇక్కడా అంత వంకర ఉండాలి. దానికో చిన్న మర ఉంటుంది. పాట నడుస్తుంటే స్క్రూడ్రైవర్ తో ఆ మరని నెమ్మదిగా తిప్పాను. పావు చుట్టు కూడా కాదు. దుప్పటి తీసినట్టు ఒక్కసారి గాజుల చప్పుడు బయటికొచ్చింది. చప్పట్లకి ముందు గాజులు, తర్వాత చప్పట్లు. పాట మొదలవక ముందు ఎవరో ఆవిడ "బుగ్గ గుడ్డిగ మండుతుంది సూడుండ్రి" అనడం కూడా స్పష్టంగా వినపడింది. (బుగ్గ అంటే బల్బు.) షాపు వాళ్ళు అదంతా నాయిస్ అనుకుని తీసేశారు కాబోలు.

ఫ్లాక్ చేసి కొట్టంలో పెట్టాను. బాపు తల ఊపాడు. "గాజులు మనయే. గొంతు ఇంకా కాలే."

చిన్నపోరి! ఆయన మొదటి రోజే చెప్పాడు, నేనే వినలేదు. స్పీడు. డెక్ వేగంగా తిరిగితే గొంతు సన్నబడుతుంది, వయసు తగ్గుతుంది. చెవి ముసలిదైతే పై స్థాయిలు పోతాయి కానీ శ్రుతి తెలియకుండా పోదు. నేనేమో ఆయనకి అందని పై స్థాయిల కోసం డాకులు మారుస్తున్నా.

సరే, అసలు స్పీడు ఎంతో తెలిసేదెలా? ఇక్కడ నాకు భలే ఐడియా వచ్చింది. టూ-ఇన్-వన్ ని కరెంటు మీద నడిపారు కదా, అంటే టేపు మీద కరెంటు గుయ్‌మనే శబ్దం సన్నగా ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. స్పెక్ట్రమ్ తీసి చూస్తే గీతలాగా కనపడింది, 50.9 దగ్గర. అంటే నా డెక్ 1.8 శాతం వేగం. తగ్గించా. షాపు వాళ్ళ ఎంపీత్రీతో పోల్చి చూస్తే అది నా రికార్డింగ్ కంటే ఇంకో 2 శాతం వేగం. దొరికిందిరా దొంగ అనుకుని గర్వంగా వినిపించా.

"దగ్గెరికొచ్చింది" అన్నాడు బాపు. "ఇంకింత."

ఇంకింత ఏమిటి బాపూ, సైన్స్ చెబుతోంది 50 అని! వాదించా కూడా. రాత్రి పడుకున్నాక తట్టింది. 1996లో 50 ఎక్కడిది? ఇప్పుడంటే దేశమంతా ఒకే గ్రిడ్. దక్షిణాది 2013 డిసెంబర్ 31న మిగతా దేశంతో కలిసింది, ఫ్రీక్వెన్సీ 50కి అటూ ఇటూ వెంట్రుకవాసి. అప్పట్లో దక్షిణాది గ్రిడ్ వేరు, లోడు ఎక్కువ, కరెంటు తక్కువ. 2003లో ఏబీటీ అని తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువ వాడుకుంటే ఎక్కువ కట్టించే పద్ధతి వచ్చేదాకా సాయంత్రం పూట 49 కూడా అందని రోజులుండేవి. బతుకమ్మ ఆడేదే సాయంత్రం. బుగ్గ గుడ్డిగా మండుతోందని టేపులోనే ఉందాయె. బల్బు డిమ్ముగా ఉండటం వోల్టేజీ సంగతి, ఫ్రీక్వెన్సీ వేరు, నాకూ తెలుసు. కానీ లోడు నెత్తికెక్కినప్పుడు రెండూ పడతాయి. నా గజం బద్దే తప్పు కొలతది.

మరి ఆ సాయంత్రం ఫ్రీక్వెన్సీ ఎంతో చెప్పేవాళ్ళెవరు?

తెల్లారి లాప్‌టాప్ లో స్పీడ్ స్లైడర్ పెట్టుకుని అంకెలు కనపడకుండా కాగితం అతికించా. బాపు కళ్ళు మూసుకుని అరుగు మీద కూచున్నాడు. "ఇంక తగ్గియ్... ఇంక... ఆ, ఆగు. ఎక్కువైంది. జర పెంచు. గంతే." కాగితం తీసి లెక్క కట్టా. ఆ స్పీడులో కరెంటు గీత 48.7 దగ్గర ఉంది. ఈసారి కిందనుంచి పైకి వచ్చాం, 48.5. మళ్ళీ పైనుంచి, 48.9. మూడుసార్లకి తేడా ఒక శాతం లోపే. నేను హెడ్‌ఫోన్ లో సాధించలేనిది.

షాపు ఎంపీత్రీ నుంచి ఇక్కడికి మొత్తం 6 శాతం పైన తేడా. హార్మోనియం మీద ఒక మెట్టు అన్నమాట, ఒక స్వరస్థానం.

48.7 దగ్గర పెట్టి పాట మొత్తం వదిలాను. ముందటర్ర, వంటర్ర, కొట్టం, మూడు స్పీకర్లూ. బాపు కొట్టంలోకి పోయి కూచున్నాడు. కాసేపటికి "ఇంట్లయి బందువెట్టు, ఇదొక్కటుంచు" అని కేకేశాడు. మూడు గదుల సింక్ అంతటితో సమాప్తం. పాట అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. ఆ సాయంత్రం పాలు కేంద్రానికి లేటుగా పోయాయి.

నా సంగతి చెప్పాలి. నాకు ఆ పాట కొత్తగా ఉంది. కొంచెం మెల్లగా, కొంచెం బరువుగా, ఎవరో తెలిసినావిడ గొంతులాగా. పదమూడేళ్ళు ఎంపీత్రీ విని విని అవ్వ గొంతు అనగానే నాకు లోపల మోగేది ఆ చిన్నపోరి గొంతే. ఇంట్లో మాట్లాడిన గొంతు గుర్తు తెచ్చుకుందామని చూస్తే అది కూడా ఆ శ్రుతిలోనే వస్తోంది. బాపు ఆ ఫైల్ వినలేదు కాబట్టి ఆయన దగ్గర అసలుది ఉంది.

పాత ఎంపీత్రీని డిలీట్ చేద్దామని రెండుసార్లు మౌస్ అక్కడిదాకా తీసుకెళ్ళాను. ఇంకా చేయలేదు. కొత్తదాన్ని ఫోన్ లో వేసుకున్నా, ఆఫీసుకి పోతూ వస్తూ అదే వింటున్నా. ఫైల్ పేరు "అవ్వ 48.7". పోయిన వారం ఓఆర్ఆర్ మీద ఒక చరణం దగ్గర ఒక్క క్షణం, వంటర్రలోంచి నన్ను అన్నానికి పిలిచినట్టు అనిపించింది. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నా. రాలేదు.